గీజరు దానంతట అదే ఆగకపోతే?

మొన్న సంక్రాంతికి ముందు ఒక పొద్దున మా అవ్వ స్నానానికని వేడినీళ్ళ ట్యాపు తిప్పింది. బుస్సుమని ఆవిరి, దాని వెనకే సలసల కాగే నీళ్ళు చిమ్మాయి. చెయ్యి కాలింది. అమ్మ పరుగున టూత్‌పేస్టు తెచ్చింది. నేను పుయ్యనివ్వలేదు. అవ్వ చెయ్యి చన్నీళ్ళ ట్యాపు కింద 20 నిమిషాలు పెట్టించాను. రెండు బొబ్బలతో పోయింది. మన హాస్టల్లోనూ, మనలో చాలామంది ఇళ్ళల్లోనూ గీజర్లున్నాయి కాబట్టి ఆ రోజు తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

"మా కాలంలో కాగులో నీళ్ళు ఎంత మరిగినా ఇట్ల చిమ్మలేదు గదే!" అంది అవ్వ. నిజమే. కాగుకి మూతి తెరిచి ఉంటుంది, ఆవిరి పైకి పోతుంది. గీజరు ట్యాంకు మూసి ఉంటుంది. నీళ్ళు మరీ కాగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే దానికి మూడు కాపలాలు ఉంటాయి.

మొదటిది థర్మోస్టాట్. మనం పెట్టిన వేడి రాగానే కరెంటు ఆపుతుంది, నీళ్ళు చల్లారితే మళ్ళీ ఇస్తుంది. అది పని చెయ్యకపోతే రెండోది, థర్మల్ కటౌట్, కరెంటును పూర్తిగా తెంచేస్తుంది. అదీ తప్పితే మూడోది సేఫ్టీ వాల్వు, ఒత్తిడిని బయటికి వదులుతుంది.

మా ఇంట్లో జరిగింది ఇది. మావి బోరు నీళ్ళు, ఉప్పు ఎక్కువ. కాగినప్పుడల్లా అందులోని కాల్షియం, మెగ్నీషియం సున్నంలాగా పేరుకుంటాయి. మెకానిక్ విప్పి చూపిస్తే లోపలి కాయిల్ మీద, థర్మోస్టాట్ గొట్టం మీద తెల్లటి పెచ్చులు కట్టి ఉన్నాయి. దాంతో వేడి థర్మోస్టాట్‌కి ఆలస్యంగా తెలిసేది. చివరికి దాని లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి, కరెంటు ఆగడమే మానేసింది.

మరి కటౌట్ ఏమైంది? ఆరు నెలల కింద గీజరు మాటిమాటికీ ఆగిపోతోందని వేరే ఒకాయన్ని పిలిచాం. ఆయన కటౌట్‌కి వెళ్ళే రెండు వైర్లు పీకి, ఒకదానికొకటి కలిపేసి "డైరెక్ట్ చేశాను" అన్నాడు. నీళ్ళు బాగా వేడెక్కుతున్నాయని మేమూ సంతోషపడ్డాం. అప్ప ఇప్పటికీ ఆ మాట తలచుకుని బాధపడతాడు.

విప్పకుండానే మనం చూసుకోగలిగినవి ఉన్నాయి. 15 లీటర్ల గీజరు, 2000 వాట్ల కాయిల్ అయితే 25 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు రావడానికి దాదాపు 18 నిమిషాలు చాలు. అరగంట దాటినా హీటింగ్ లైటు ఆరలేదంటే అనుమానించండి. లోపల గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు వస్తే సున్నం కట్టిందేమో చూపించండి. 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి కాబట్టి, పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో నాబ్ ఇంకా తగ్గించి, బకెట్‌లో ముందు చన్నీళ్ళు పట్టండి.

ఆవిరి వస్తే ట్యాపు జోలికి వెళ్ళకుండా బయట స్విచ్, వీలైతే ఎంసీబీ కూడా ఆపెయ్యండి. ట్యాంకు పూర్తిగా చల్లారనివ్వండి. తడి చేతులతో ముట్టుకోవద్దు, మూత విప్పవద్దు. వాల్వు నుంచి నీళ్ళు కారుతున్నాయని దానికి బిరడా కొట్టవద్దు. కటౌట్ పడిపోతే మళ్ళీ మళ్ళీ నొక్కకుండా ఎందుకు పడిందో కనుక్కోమనండి. "డైరెక్ట్ చేస్తాను" అనే మెకానిక్‌కి మాత్రం దండం పెట్టి పంపెయ్యండి.

మాకు కొత్త థర్మోస్టాట్, కొత్త కటౌట్ వేశారు, ట్యాంకులోని సున్నం తీశారు. బోరు నీళ్ళు కాబట్టి ఏడాదికొకసారి శుభ్రం చేయించమన్నారు. అవ్వ చెయ్యి మానింది. ఇప్పుడు స్నానానికి వెళ్ళే ముందు రోజూ ఒకటే కేక: "లైటు ఆరిందేమో చూడవే!"

రేపు పొద్దున మీరూ ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి.