కుళాయి గొట్టాలకూ కాలాలున్నాయి

శ్రీనగర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజులపాటు చలి తీవ్రంగా ఉంటుంది. అక్కడివారు దీన్ని 'చిల్లై కలాన్' అంటారు. ఆ రోజుల్లో నీటి గొట్టాలు పగలడం మామూలే. ఎందుకని? నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అలా పెరిగే మంచు, మూసివున్న కుళాయికీ తనకూ మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది. నీరు సులభంగా సంపీడనం చెందదు. అందుచేత గొట్టమే పగులుతుంది. రాత్రివేళ కుళాయిని సన్నని ధారగా వదిలేది ఇందుకే.

మన ప్రాంతంలో సమస్య ఎండతో. ఉష్ణోగ్రత 30 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే 10 మీటర్ల పి.వి.సి. గొట్టం దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది. ఇనుప గొట్టమైతే 4 మిల్లీమీటర్లలోపే. చివరలను కదలకుండా బిగిస్తే గొట్టం వంగి అతుకులు వదులవుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పి.వి.సి.ని పెళుసుగా మారుస్తాయి. డాబాపై గొట్టాలకు నీడ కల్పించడం మంచిది.

అన్నిటికన్నా ప్రమాదం వానాకాలంలో. మన పట్టణాల్లో చాలాచోట్ల నీరు రోజంతా రాదు. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది. అప్పుడు బీటల గుండా బయటి మురికినీరు లోపలికి చేరుతుంది. టైఫాయిడ్, కామెర్లు, కలరా ఇలా కూడా వ్యాపిస్తాయి. కాబట్టి వానలకు ముందే అతుకులను, ముఖ్యంగా మురికికాలువ దాటేచోట, పరీక్షించండి. ట్యాంకు కడిగించండి. సరఫరా మొదలవగానే వచ్చే నీటిని తాగడానికి పట్టకండి. నీరు తేటగా కనిపించినా మరగకాచి, చల్లార్చి తాగండి.

గొట్టం కారుతోందంటే నీరు వృథా కావడమొక్కటే కాదు, మురికి లోపలికి వచ్చే దారి కూడా తెరుచుకుందన్నమాట!