వలస వెళ్లిన ముత్తాతది ఏ జిల్లా?

న్యాల్‌కల్: బతుకుదెరువు కోసం మూడు, నాలుగు తరాల కిందట ఊరు విడిచిన పెద్దల మూలాలను వెతికే వారికి ఇక్కడ ఎదురయ్యే మొదటి చిక్కు ఊరి పేరు కాదు, జిల్లా పేరు. న్యాల్‌కల్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు మెదక్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1కి ముందు బీదర్ జిల్లా బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. ఆ సర్కిల్‌ను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతున్నట్లు 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో పేరు పెట్టి మరీ పేర్కొన్నారు. నిర్ణ సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, నారాయణఖేడ్ తాలూకా కూడా అప్పుడే బీదర్ నుంచి విడివడి ఇటు వచ్చాయి. అందువల్ల ‘మా పెద్దలది బీదర్ జిల్లా’ అని ముంబయిలో స్థిరపడిన కుటుంబం చెప్పుకొన్నంత మాత్రాన వారు కన్నడ సీమ వారేనని తేల్చరాదు.

ఓడ ఎక్కిన వారికి చిట్టా

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటిన తెలుగువారి వివరాలు చాలావరకు రాతలో నిలిచాయి. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు నాటల్‌కు వెళ్లిన భారతీయులు సుమారు 1.52 లక్షల మంది. ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, గ్రామం, తాలూకా, జిల్లా నమోదయ్యాయి. మారిషస్‌కు సంబంధించిన ఇటువంటి దస్తావేజులను మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచింది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ దేశాల్లోని నాలుగో, ఐదో తరం వారు ఒక్క కాగితం ఆధారంగా పూర్వీకుల గ్రామాన్ని గుర్తించగలుగుతున్నది ఇందువల్లనే.

బొంబాయి బాటకు రాత లేదు

నిజాం రాజ్యం నుంచి బొంబాయికి వెళ్లిన వారి సంగతి వేరు. అక్కడ కట్టడాల పనుల్లో కుదురుకున్న తెలుగు కూలీలను ‘కామాఠీలు’ అన్నారు. కామాఠీపుర పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. 1874లో సికింద్రాబాద్ - వాడి రైలు మార్గం ప్రారంభమై బొంబాయి ప్రయాణం మరింత సులువైంది. అయితే ఈ వలసకు ఓడ జాబితా వంటిది లేదు. మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి కొందరి పేర్లే చరిత్రకెక్కాయి. రాళ్లు మోసిన వేలాది మంది పేర్లు వారి ఇళ్లలో మాత్రమే మిగిలాయి.

ఇంటిపేరు చెప్పే ఆనవాలు

మరాఠీ నేలపై ఇంటిపేర్ల రూపం మారింది. ‘వారు’ అన్న తెలుగు మాట ‘వార్’గా మారి ఇంటిపేరు చివర నిలిచింది. ఆ ‘వార్’ను తొలగించి చూస్తే అసలు తెలుగు ఇంటిపేరు బయటపడే అవకాశం ఉంది. గోత్రం, ఇలవేల్పు కూడా తోడైతే ఒకే ఇంటిపేరు గల రెండు కుటుంబాలను వేరుచేసి చూడటం సులభమవుతుంది.

ఎక్కడ వెతకాలి?

భూమి ఉన్న కుటుంబాలకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ కీలకం. సర్వే నంబరు వారీగా పట్టాదారు, అనుభవదారు పేర్లు అందులో ఉంటాయి. వలస వెళ్లిన వ్యక్తి పేరు లేకున్నా, ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల పేర్లు దొరకవచ్చు. అది తయారైన నాటికి న్యాల్‌కల్ బీదర్ తాలూకాలోనే ఉందన్న సంగతి మరువరాదు. నిజాం కాలపు రెవెన్యూ పత్రాలు అధికంగా ఉర్దూలో ఉన్నందున ఆ లిపి చదవగల పెద్దల సాయం అవసరం. పాత పత్రాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను సంప్రదించవచ్చు.

భూమి లేని కూలీ కుటుంబాలకు పహాణీ కూడా అక్కరకు రాదు. ఊరు విడిచిన వారిలో అధికులు అటువంటి వారే. వారి విషయంలో వృద్ధుల జ్ఞాపకమే దస్తావేజు. తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు, ఇలవేల్పు, వెళ్లిన పట్టణం. ఈ ఆరు వివరాలను ఇంట్లోని పెద్దలను అడిగి నేడే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఆ తరం వెళ్లిపోతే వాటిని చెప్పేవారు ఉండరు.