పొగ మానితే బరువు పెరుగుతుందా?

పొగ తాగడం మానలేకపోవడానికి చాలామంది చెప్పే కారణాల్లో ‘మానితే లావైపోతాం’ అన్న భయం ఒకటి. దీన్ని వట్టి సాకుగా కొట్టిపారేయడం సరికాదు. మా అధ్యయన కేంద్రానికి వచ్చే ఒక విద్యార్థి లారీ ఆఫీసులో గుమాస్తా. మూడు నెలలు సిగరెట్ ముట్టలేదు. ప్యాంట్లు బిగుతవుతున్నాయని మళ్లీ మొదలుపెట్టాడు. “పొట్ట కంటికి కనిపిస్తుంది సార్, ఊపిరితిత్తులు కనిపించవు కదా” అన్నాడు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఈ పాఠం.

బరువు పెరగడానికి కారణాలు

నికోటిన్ మెదడులోని హైపోథాలమస్ మీద పనిచేసి ఆకలిని అణచివేస్తుంది. అంతేకాదు, శరీరం ఖర్చుచేసే శక్తిని కూడా పెంచుతుంది. రోజుకు 24 సిగరెట్లు తాగేవారిని పరిశీలించి 1986లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తాగిన రోజున ఈ ఖర్చు సుమారు 10 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే దాదాపు 200 కేలరీలు. సిగరెట్ మానగానే ఈ ఖర్చు తగ్గుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. నాలుకకు రుచి, ముక్కుకు వాసన బాగా తెలుస్తాయి. ఖాళీగా ఉన్న చేయి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలని చూస్తుంది.

ఎంత పెరుగుతుంది? అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, మందుల సాయం లేకుండా మానినవారు ఏడాదిలో సగటున 4.7 కిలోలు పెరిగారు. అందులో 2.9 కిలోలు మొదటి మూడు నెలల్లోనే పెరిగాయి. మా విద్యార్థి సరిగ్గా ఆ కష్టకాలం చివర్లో వెనక్కి వెళ్లాడన్నమాట! అయితే సగటు అందరికీ వర్తించదు. ఏడాది తర్వాత 16 శాతం మంది బరువు తగ్గారు, 13 శాతం మంది 10 కిలోలకు మించి పెరిగారు.

ఇంతకీ సిగరెట్ పొట్టను తగ్గిస్తుందా? అదీ లేదు. పొగ తాగేవారిలో మొత్తం బరువు తక్కువగా ఉన్నా, నడుము చుట్టూ కొవ్వు చేరే ధోరణి ఎక్కువ. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసుల ఆరోగ్య వివరాల ఆధారంగా 2013లో వెలువడిన అధ్యయనం మరో సంగతి తేల్చింది. మధుమేహం లేనివారిలో, పొగ మానడం వల్ల గుండెకు కలిగే మేలును పెరిగిన బరువు తగ్గించలేదు. బరువు బాగా పెరిగినవారికి కొన్నేళ్లపాటు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా ఉంటుందన్నది కూడా నిజమే. కాబట్టి బరువును పట్టించుకోవాలి, కానీ దాన్ని చూసి బెదిరి సిగరెట్ వైపు తిరగకూడదు.

ఏం చేయాలి?

పొగ మానడం, కడుపు మాడ్చుకోవడం ఒకేసారి మొదలుపెట్టవద్దని నా సలహా. ఆకలి, నికోటిన్ కోరిక కలిసి వస్తే మనిషి తట్టుకోవడం కష్టం. ముందు సిగరెట్ సంగతి చూడండి. తిండిలో చిన్న మార్పులు చాలు.

టీనే తీసుకోండి. మనలో చాలామందికి టీ, సిగరెట్ జంట. సిగరెట్ పోయాక టీలు పెరుగుతాయి. ఒక చెంచా చక్కెర సుమారు 20 కేలరీలు. రెండు చెంచాల చొప్పున ఐదు టీలంటే 200, పాలు కాకుండానే! నికోటిన్ రోజూ కరిగించిన లెక్క కూడా అంతే కదా. గుప్పెడు వేరుశెనగపప్పు మంచిదే అయినా సుమారు 170 కేలరీలు. దోసకాయ ముక్కలు, జామకాయ, కాస్త సోంపు మేలు. వక్కకు మాత్రం మారకండి, వక్క కూడా క్యాన్సర్ కారకమే.

సిగరెట్ కోరిక సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ సమయంలో లేచి నడవండి. నికోటిన్ చూయింగ్ గమ్ వాడినంతకాలం బరువు పెరగడం కొంత నెమ్మదిస్తుంది. దాన్ని వాడే ముందు, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, వైద్యుణ్ణి అడగాలి. జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అభ్యాసం: మీరు గాని, మీ ఇంట్లో పొగ తాగేవారు గాని మూడు రోజులపాటు ప్రతి సిగరెట్‌కు ముందు, తర్వాత ఏం తిన్నారో, ఏం తాగారో రాయండి. వాటిలో సిగరెట్ లేకపోతే పెరిగేవి ఏవో గుర్తించండి.