సేవయే విద్య - సేవకుడే నాయకుడు

నేటి విద్యార్థులే రేపటి నాయకులనే మాట ప్రతి కళాశాల సభలోను వినిపిస్తుంది. అయితే నాయకత్వమంటే ఏమిటో, అది విద్యార్థికి ఏ విధంగా అలవడుతుందో వివరించేవారు అరుదు. వేదికనెక్కి ప్రసంగించడం, ఎన్నికలలో గెలవడం, పదిమందిని ఆజ్ఞాపించడం - ఇవే నాయకత్వ లక్షణాలని సామాన్యంగా భావిస్తాము. దీనికి భిన్నమైన భావన మరొకటి కలదు. ముందుగా సేవకుడైనవాడే పిమ్మట నాయకుడు కాగలడని అది చెబుతుంది. ఉర్దూలో 'ఖిద్మత్' అన్నా, తెలుగులో 'సేవ' అన్నా సారాంశం ఒక్కటే. ఈ భావన విశ్వవిద్యాలయ విద్యలో ఏ విధంగా ప్రవేశించినదో, మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో దానిని ఏ విధంగా సార్థకం చేసుకొనవచ్చునో పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

స్వతంత్ర భారతదేశంలో ఈ ఆలోచనకు తొలిరూపమిచ్చిన మహనీయునికి మన ప్రాంతంతో గాఢమైన సంబంధం కలదు. తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు బాల్యంలో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకొన్నారు. 1948-49 సంవత్సరాలలో ఆయన అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవలో పాల్గొనే అవకాశం విద్యాసంస్థలలో ఉండాలని సూచించింది. కళాశాలకు, సమాజానికి మధ్య నిర్మాణాత్మకమైన సంబంధం ఏర్పడాలన్నది ఆ సూచనలోని ఆంతర్యం. తరువాత రెండు దశాబ్దాల పాటు పలు సంఘాలు ఈ విషయమై చర్చించాయి. తుదకు గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు గారు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. ఆనాడు 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో మొదలైన ఈ పథకం దేశమంతటా వ్యాపించింది. 'నేను కాదు, మీరు' అన్నది దాని ఆదర్శవాక్యం. కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం దాని చిహ్నం.

ఇదే కాలంలో అమెరికాలో రెండు భావాలు రూపుదిద్దుకొన్నాయి. 1967 ప్రాంతంలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే అనే విద్యావేత్తలు సేవను, అధ్యయనాన్ని ఒక్కటిగా జోడించి దానికి 'సర్వీస్ లెర్నింగ్' అని నామకరణం చేశారు. మనం దీనిని సేవాధ్యయనం అనవచ్చును. 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ తన వ్యాసంలో సేవక నాయకత్వాన్ని ప్రతిపాదించాడు. హెర్మన్ హెస్సే రచించిన ఒక నవలలోని లియో అనే పాత్ర ఆయనకు స్ఫూర్తినిచ్చింది. యాత్రికుల బృందానికి పరిచర్య చేసే లియో ఒకనాడు కనిపించకుండా పోగానే ఆ బృందం చెల్లాచెదరవుతుంది. సేవకుడని తాము తలచినవాడే ఆ సంఘానికి అధినేత అని తరువాత తెలియవస్తుంది. నాయకుని పరీక్షించడానికి గ్రీన్‌లీఫ్ ఒక కొలబద్దనిచ్చాడు. సేవ పొందినవారు తమ కాళ్ళపై తాము నిలబడగలిగినారా? వారు కూడా ఇతరులకు సేవ చేయగలవారుగా ఎదిగినారా? ఈ ప్రశ్నలకు అవునని సమాధానం వస్తేనే అది నిజమైన సేవ.

మన రాష్ట్రంలో ఈ విషయం నేడు కేవలం ఆదర్శం కాదు, పాఠ్యప్రణాళికలో భాగం. 2020-21 విద్యాసంవత్సరం నుండి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును ప్రవేశపెట్టారు. విద్యార్థి మొదట గ్రామంలో సర్వే జరపాలి, ప్రజలకు అవగాహన కల్పించాలి, ఒక సమస్యపై పనిచేయాలి, చివరకు నివేదిక సమర్పించాలి. ఉద్దేశ్యం ఉత్తమమైనదే. అయితే గంటలను లెక్కించినంత సులభంగా ఫలితాన్ని లెక్కించగలమా? శిబిరంలో నాటిన మొక్కకు వేసవిలో నీరు పోసే దిక్కు లేకపోతే, నివేదికలో మిగిలేది ఛాయాచిత్రం మాత్రమే. గ్రామానికి మిగిలేది ఎండిన గుంత.

సేవాధ్యయనం ఏ విధంగా ఉండాలో మన ప్రాంతపు చెరువును ఉదాహరణగా తీసుకొని గ్రహించవచ్చును. చిత్తూరు ప్రాంతానికి జీవనది లేదు. స్వర్ణముఖి, బాహుదా వంటి నదులు సంవత్సరంలో అధికభాగం ఇసుకమేటలుగానే కనిపిస్తాయి. అందువల్ల పూర్వులు వాననీటిని నిలుపుకొనడానికి గొలుసుకట్టు చెరువులు నిర్మించుకొన్నారు. అటువంటి చెరువునొకదానిని విద్యార్థులు ఎన్నుకొన్నారనుకొందాం. గణితం చదివేవారు విస్తీర్ణాన్ని, లోతును కొలిచి పూడిక ఎంత పేరుకొన్నదో అంచనా కట్టగలరు. రసాయనశాస్త్ర విద్యార్థులు బావినీటిని పరీక్షించగలరు. వృక్షశాస్త్ర విద్యార్థులు చెరువులో సర్కారు తుమ్మ ఎంతమేర అల్లుకొన్నదో గుర్తించగలరు. వాణిజ్యశాస్త్రం చదివేవారు వేరుశనగ రైతు జమాఖర్చులు వ్రాయగలరు. కాని ఏ తూము ఎప్పుడు తెరవాలో, మొరవ పారితే నీరు ఏ చెరువుకు చేరుతుందో చెప్పగలిగినవాడు నీరుగంటి ఒక్కడే. అక్కడ ఆయనే ఆచార్యుడు, మనం శిష్యులం. ఈ వినయమే సేవక నాయకత్వానికి మొదటి పాఠం. 2021 నవంబరు వర్షాలకు తిరుపతి సమీపంలోని రాయలచెరువు కట్ట ప్రమాదస్థితికి చేరి, పరిసర గ్రామాల ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించవలసి వచ్చింది. చెరువును గూర్చిన జ్ఞానం ప్రాణరక్షణకు సంబంధించిన విషయమని దీనివలన స్పష్టమవుతున్నది.

చెరువు మరియొక పాఠం కూడా నేర్పుతుంది. పూర్వం మద్రాసు రాజధానిలో కుడిమరామత్తు అనే ఆచారముండేది. రైతులందరు తమ శ్రమతో కాలువలు, కట్టలు బాగుచేసుకొనేవారు. 1858లో నాటి ప్రభుత్వం ఒక చట్టం ద్వారా ఇటువంటి శ్రమను నిర్బంధం చేసింది. అయినను ఆచారం క్రమంగా క్షీణించింది. చట్టం చేతులను రప్పించగలదు గాని బాధ్యతను రప్పించలేదు. తప్పనిసరి ప్రాజెక్టులు చేసే మనకు ఇది హెచ్చరిక వంటిది. పనిని ఎన్నుకొనే అధికారం గ్రామస్థులకు లేనప్పుడు సేవ వెట్టిగా మారుతుంది.

ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన మన విద్యార్థులకు ఒక ప్రత్యేకమైన అవకాశం కలదు. అర్జీ, దరఖాస్తు, వసూలు, తహసీల్దారు - మన కచేరీల భాషలో సగం ఉర్దూ ద్వారా వచ్చిన మాటలే. అయినను ఇంట ఉర్దూ మాట్లాడే తల్లి ఒకామె తెలుగు దరఖాస్తు ముందు నిస్సహాయురాలవుతున్నది. ఆమెకు దరఖాస్తు వ్రాసిపెట్టడం ఉపకారం. ఆమె తన దరఖాస్తును తానే చదివి, వ్రాసి, పొరుగువారికి కూడా వ్రాసిపెట్టగలిగేటట్లు నేర్పడం సేవ. మొదటిదానికి ఒక పూట చాలును. రెండవదానికి ఒక సంవత్సరం కావాలి. గ్రీన్‌లీఫ్ కొలబద్దకు నిలిచేది రెండవదే.

ఈ దృష్ట్యా కళాశాల కార్యవర్గంవారి పరిశీలనకు మూడు విన్నపాలు. మొదటిది, ఏటేటా గ్రామాన్ని మార్చక ఒకే గ్రామాన్ని కనీసం మూడు సంవత్సరాలు స్వీకరించాలి. ఒక తరగతి ఆరంభించిన పనిని తరువాతి తరగతి కొనసాగించాలి. రెండవది, పనిని నిర్ణయించకముందే గ్రామస్థులతో, ముఖ్యంగా స్త్రీలతో, కూలిజనంతో సమావేశం జరపాలి. మూడవది, నివేదిక కళాశాల బీరువాలో చేరడంతో పని ముగిసినట్లు భావింపరాదు. దానిని తెలుగులోను, ఉర్దూలోను గ్రామసభలో చదివి వినిపించి, తప్పులు దిద్దే హక్కు గ్రామస్థులకు ఇవ్వాలి. మార్కులు మనకు అధ్యాపకులు వేస్తారు. మన పని మంచిచెడ్డలు నిర్ణయించవలసినవారు గ్రామస్థులే.

విద్యార్థి సోదర సోదరీమణులారా! 180 గంటలు ఒక వేసవిలో గడిచిపోతాయి. ఆ వేసవి గడిచిన తరువాత కూడా ఆ గ్రామస్థులు మనలను పేరుపెట్టి పిలిచి, తమ పనిలో సలహా అడిగిననాడు మనం నాయకులమైనట్లు. మన అవసరమే లేకుండా వారి పని వారు నిర్వహించుకొన్ననాడు మన సేవ ఫలించినట్లు.