‘జ్ఞా’ తెచ్చిన తంటా

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో మీ బడిలో కంప్యూటరు ఉంటే దానిమీద ‘పల్నాడు’ అని కొట్టండి. మనకు కనిపించేవి మూడు అక్షరాలు. కంప్యూటరు మాత్రం ఏడు సంఖ్యలను దాచుకుంటుంది: 3114, 3122, 3149, 3112, 3134, 3105, 3137. ప, ల, పొల్లు, న, దీర్ఘం, డ, కొమ్ము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య. నకారాన్ని కిందికి దించి వత్తుగా మార్చి, దీర్ఘాన్ని లకారానికి తగిలించి చూపడం ఒక ప్రోగ్రాము పని. చిన్న పనేమీ కాదు!

2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో ఈ కూర్పు ఒకచోట తప్పింది. ‘జ్ఞా’లో కంటికి కనబడని ఒక సంకేతం చేరితే చాలు, ఆ సందేశాన్ని చూపబోయిన ప్రోగ్రాము ఠక్కున మూతపడేది. జ్ఞానానికే వచ్చింది చిక్కు! ఆ నెల 19న కంపెనీ సవరణ విడుదల చేసింది. త్వరగానే చేసింది, కాదనలేం. కాని ఈలోగా తెలుగు బాగా తెలిసిన ప్రోగ్రామరు ఎవరైనా ముందుకు వచ్చినా, తప్పు దిద్దే వీలు లేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాము మూలం, అంటే మనుషులు చదవగల రూపం, కంపెనీ దగ్గరే ఉంది.

ఇదే పనిని ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీసులో హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము చేస్తుంది. దాని మూలాన్ని ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. ఇలాంటివాటినే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు.

మీ తాతయ్య నాటు మిరప విత్తనం దాచడం చూశారా? తన చేలో వేసుకుంటాడు. మంచి కాయలు ఏరి రకాన్ని మెరుగుపరుస్తాడు. పొరుగు రైతుకూ ఇస్తాడు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ పథకం ప్రకటించినప్పుడు కోరినది కూడా ఇంచుమించు ఇదే: ప్రోగ్రామును వాడుకోవాలి, చదివి మార్చుకోవాలి, ఇతరులకు పంచాలి. ఒక్కటే తేడా. విత్తనం పంచితే గాదె తరుగుతుంది, ప్రోగ్రాము తరగదు. ఇదంతా ఉచితమనుకునేరు! అమ్మవచ్చు కూడా. కొన్నవారికీ ఈ హక్కులు ఉండాలి, అంతే.

1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్, గ్నూతో జతకట్టింది. దాన్ని ‘స్వేచ్ఛ’ అనే సంస్థలోని విద్యార్థులు, ఇంజనీర్లు తెలుగులోకి తెచ్చారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటరు పాఠాలు గ్నూ/లినక్స్ మీదే సాగుతున్నాయి. మన బడుల్లోనూ అడిగి చూడవచ్చు. పాత కంప్యూటర్లమీద కూడా నడిచే రకాలు ఉన్నాయి.

ఇప్పుడు ఒక ప్రయోగం. లిబ్రెఆఫీసులో ‘పల్నాడు’ అని రాసి, చివరినుంచి చెరిపే మీటను ఒక్కొక్కసారే నొక్కండి. మొదట కొమ్ము పోతుంది, తరువాత డ, ఆపైన దీర్ఘం. నకారం పోగానే అంతవరకు దాగిన పొల్లు బయటపడి ‘పల్’ అని మిగులుతుంది. ఏడు నొక్కులకు మాట మొత్తం చెరుగుతుంది. మరి ‘జ్ఞా’కు ఎన్ని నొక్కులు? ముందు కాగితంమీద రాసుకుని, తరువాత సరిచూసుకోండి.