ట్రాన్స్ మహిళల ముఖరోమాల శాశ్వత తొలగింపు

1. పరిచయం

హార్మోన్లు శరీరంపై చూపే ప్రభావాన్ని గత భాగంలో తెలుసుకున్నారు. ఈస్ట్రోజన్ వాడుతున్న ట్రాన్స్ మహిళకు గడ్డం ఎందుకు పోదనే సందేహం అక్కడే మీకు కలిగి ఉండవచ్చు. ఇది కేవలం అలంకరణకు సంబంధించిన విషయమని కొందరు భావిస్తారు. కానీ బస్సులోనో, ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో గడ్డపు నలుపు కనబడినప్పుడు ఆమె అవహేళనకు, ఒక్కొక్కసారి దాడికి కూడా గురికావచ్చు. కనుక దీనిని ఆరోగ్యం, భద్రత, జీవనోపాధి అనే మూడు కోణాల నుంచి పరిశీలించాలి.

2. గడ్డం ఎందుకు మిగిలిపోతుంది?

యౌవనారంభంలో ఆండ్రోజన్ల ప్రభావం వల్ల ముఖంపై ఉన్న నూగు మందమైన నల్లని వెంట్రుకలుగా మారుతుంది. అలా మారిన రోమకూపం, ఆండ్రోజన్లు తగ్గినంత మాత్రాన పూర్వస్థితికి రాదు. అందువల్ల హార్మోన్ చికిత్సతో ఒంటిమీది వెంట్రుకలు పలచబడినా, గడ్డం కొంత నెమ్మదిగా పెరుగుతుందే తప్ప పూర్తిగా పోదు.

షేవింగ్ చర్మానికి పైన ఉన్న భాగాన్ని మాత్రమే కోస్తుంది. హిజ్రా సమాజంలో చిమటాతో పీకడం పాత అలవాటు. దీనివల్ల వెంట్రుక ఊడుతుంది కాని కూపం నశించదు. పైగా చర్మం లోపలికి పెరిగే వెంట్రుకలు, కురుపులు, నల్లమచ్చలు ఏర్పడవచ్చు. శాశ్వత ఫలితం కావాలంటే కూపంలో వెంట్రుకను పుట్టించే కణాలే నశించాలి.

3. రెండు పద్ధతులు

(అ) ఎలక్ట్రాలిసిస్: కంటిలోకి పెరిగే రెప్పవెంట్రుకలను తొలగించడానికి 1875లో అమెరికా నేత్రవైద్యుడు చార్లెస్ మిషెల్ ఈ పద్ధతిని వెల్లడించాడు. సన్నని సూదిని ఒక్కొక్క కూపంలోకి దించి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. వెంట్రుక ఏ రంగులో ఉన్నా ఇది పనిచేస్తుంది. అయితే ఒక్కొక్క వెంట్రుకనే తీయాలి కనుక గడ్డమంతా పోవడానికి ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ప్రతి సిట్టింగ్‌కు ముందు వెంట్రుకలను కొద్దిగా పెరగనివ్వాలి. బయట తిరిగి పనిచేసుకునే ట్రాన్స్ మహిళకు ఆ రోజులే చాలా కష్టమైనవి.

(ఆ) లేజర్: వెంట్రుకలోని మెలనిన్ కాంతిని గ్రహించి వేడెక్కుతుంది. ఆ వేడికి కూపం దెబ్బతింటుంది. నెరిసిన వెంట్రుకల్లో మెలనిన్ ఉండదు కనుక వాటిపై లేజర్ పనిచేయదు. చామనఛాయ, నల్లని చర్మాలలో చర్మపు మెలనిన్ కూడా కాంతిని గ్రహించడం వల్ల కాలిన గాయాలు, మచ్చలు రావచ్చు. అటువంటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ఎక్కువ సురక్షితం. పెరుగుదల దశలో ఉన్న వెంట్రుకలపైనే లేజర్ బాగా పనిచేస్తుంది కనుక కొన్ని వారాల వ్యవధితో పలుమార్లు చేయించుకోవాలి.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లేజర్‌ను ‘శాశ్వత తగ్గింపు’గా మాత్రమే గుర్తిస్తుంది. ‘శాశ్వత తొలగింపు’ అన్న మాట ఎలక్ట్రాలిసిస్‌కే చెల్లుతుంది. ప్రకటనలు చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి. చాలామంది ముందు లేజర్‌తో గడ్డాన్ని పలచబరచి, మిగిలినవాటిని ఎలక్ట్రాలిసిస్‌తో తీయించుకుంటారు.

4. జాగ్రత్తలు

• తక్కువ ధర చూసి కాక, చర్మవైద్యుల పర్యవేక్షణ చూసి కేంద్రాన్ని ఎంచుకోవాలి.
• ఏ లేజర్ వాడుతున్నారో అడిగి తెలుసుకోవాలి. ముందుగా చిన్నభాగంపై పరీక్షించమని కోరాలి.
• లేజర్‌కు ముందు కొన్ని వారాలు పీకడం, వ్యాక్సింగ్, త్రెడింగ్ మానాలి. షేవింగ్ చేసుకోవచ్చు.
• చికిత్సకు ముందు, తరువాత ఎండ తగలకుండా చూసుకోవాలి.

5. చట్టం ఏమి చెబుతుంది?

2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం, సెక్షన్ 15లో, బీమా పథకం ద్వారా ఖర్చు భరించవలసిన చికిత్సలలో శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్సలతోపాటు లేజర్ చికిత్సను కూడా పేర్కొంది. అంటే దీనిని సోకుగా కాక వైద్య అవసరంగా చట్టసభ పరిగణించిందన్నమాట. ఎలక్ట్రాలిసిస్‌ను మాత్రం అక్కడ పేరుతో ప్రస్తావించలేదు.

6. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హార్మోన్ చికిత్సతో గడ్డం ఎందుకు పోదు?
2. ‘శాశ్వత తగ్గింపు’, ‘శాశ్వత తొలగింపు’ల మధ్య తేడాను వివరించండి.
3. నెరిసిన గడ్డం ఉన్నవారికి ఏ పద్ధతి తగినది? కారణం రాయండి.