ముదిమి సోకిన మామిడికి మూడేండ్ల చికిత్స

పెరటి మామిడి కాపు తగ్గినంతనే గృహస్థుని దృష్టి గొడ్డలిపైకి పోతుంది. తొందర వద్దు. 40, 50 ఏండ్ల చెట్టు కాయకపోవడానికి తరచు వయస్సు కంటే చీకటే కారణం. కొమ్మలు దట్టంగా అల్లుకొని లోపలి రెమ్మలకు ఎండ సోకదు. పూత చిటారు కొమ్మలకే పరిమితమవుతుంది. అట్టి చెట్టుకు వెలుతురే తొలి ఔషధం.

దేహశోధనం జరిగిన పిదపనే రసాయన సేవనం చక్కగా ఫలిస్తుందని ఆయుర్వేద మతం. చెట్టుకూ అదే క్రమం. క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, రోగగ్రస్తమైన చెట్టును మొదట శస్త్రంతో శుద్ధి చేసి, వాయువిడంగాలు, నేయి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయమన్నాడు. కోత, పూత, పోషణ అనే ఆ వరుస నేటికీ చెల్లుతుంది.

కోత: కాయలు దించిన వెంటనే, వాన లేని రోజున ఆరంభించాలి. ఒక ఏడాదిలో ఆకుపందిరిలో నాలుగవ వంతుకు మించి తీయరాదు. మించితే లేత బెరడు ఎండకు మాడుతుంది. మొదటి ఏడు ఎండిన కొమ్మలు, బదనిక పట్టినవి. రెండవ ఏడు నడుమ నిటారుగా లేచినవి. మూడవ ఏడు ఒకదానినొకటి ఒరుసుకొనేవి తీయాలి.

బరువైన కొమ్మను మానుకు అడుగు దూరంలో మొదట క్రిందినుండి మూడవ వంతు కోయాలి. తరువాత కొంచెం వెలుపలగా పైనుండి కోస్తే, బెరడు చీలకుండా పడుతుంది. మిగిలిన మోడును, కొమ్మ మొదట ఉంగరంవలె ఉబ్బిన భాగానికి ఆనుకొని తీయాలి. ఆ ఉబ్బును కోయరాదు. గాయం మానేది అక్కడినుండే.

పూత: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, లీటరు నీరు కలిపిన బోర్డో పేస్టును గాయాలకు పూయాలి. ఇనుప పాత్ర పనికిరాదు. ఇది విషం, పిల్లలకు అందనీయరాదు. మామిడి సొన చర్మాన్ని పొక్కిస్తుంది కనుక ఒళ్లంతా కప్పుకొని పని చేయాలి.

పోషణ: చివికిన పశువుల ఎరువును మాను మొదట కాక, కొమ్మల నీడ అంచున వేసి నీరు పెట్టాలి. కోతల వద్ద గుత్తులుగా వచ్చే ఇగుళ్లలో బయటికి సాగే బలమైనవాటిని ఉంచి తక్కినవి గిల్లివేయాలి. మానుపై రంధ్రంనుండి రంపపు పొట్టు రాలితే తొలుచు పురుగు చేరిందని గ్రహించి, తీగతో పొడిచి తీయాలి.

వేరు కుళ్లి, మాను డొల్లపడి ఇంటిపైకి వాలిన చెట్టును మాత్రం తొలగించడమే క్షేమం. విద్యుత్తు తీగల చెంత ఉన్నదానిని అనుభవజ్ఞులకే అప్పగించాలి. తక్కిన వృద్ధవృక్షాలకు మూడేండ్ల ఓర్పు చూపండి. పెద్దలు నాటిన చెట్టు పిల్లల కాలానికీ కాస్తుంది.